యుద్ధకాలపు హాలీవుడ్ కామెడీలు ఇవాళ చూడాలంటే

1940ల నాటి హాలీవుడ్ యుద్ధకాలపు కామెడీలు, ప్రేమ కామెడీలు మొదటిసారి చూసేవాళ్లు చాలామంది ఇరవై నిమిషాలకే ఆపేస్తారు. మాటలు అందడం లేదంటారు, ఎక్కడ నవ్వాలో తెలియలేదంటారు. లోపం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: ప్రింటు పాడైంది కావచ్చు, టీవీ సెట్టింగు తప్పు కావచ్చు, లేదా ఆ సినిమా ఏ నెలలో విడుదలైందో చూసేవాళ్లకు తెలియకపోవచ్చు. మూడోదే అన్నిటికన్నా పెద్దది. ఈ సినిమాలు తేదీ పట్టుకుని చూడాల్సినవి. హాల్లో కూర్చున్నవాళ్లు ఆ వారం పేపర్లో ఏం చదివి వచ్చారో మనకూ తెలిస్తేనే సగం జోకులు పేలతాయి.

దేనితో మొదలుపెట్టాలి

పేరున్న సినిమా కదా అని ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ (1940)తో మొదలుపెట్టకండి. అందులో క్యారీ గ్రాంట్, రోజాలిండ్ రస్సెల్ ఒకరి మాట పూర్తికాకుండానే మరొకరు అందుకుంటారు. దర్శకుడు హోవర్డ్ హాక్స్ కావాలనే అలా తీశాడు. ఆ కాలపు అమెరికన్ ఇంగ్లీషుకు చెవి అలవాటుపడకముందు చూస్తే రొదలాగే ఉంటుంది.

ముందుగా ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ (1940) చూడండి. ఎర్న్‌స్ట్ లూబిచ్ తీసింది, 99 నిమిషాలు. బుడాపెస్ట్‌లో ఒక చిన్న దుకాణం, పగలంతా పోట్లాడుకునే ఇద్దరు ఉద్యోగులు. తాము ఉత్తరాల్లో ప్రేమించుకుంటున్నది ఒకరినొకరేనని వాళ్లకు తెలియదు. మాటలు నెమ్మది, కథ సులువు. యుద్ధం ఊసే ఎత్తదు. కానీ అది విడుదలయ్యేనాటికి యూరప్ యుద్ధంలో ఉంది. అలాంటి సమయంలో ఒక మధ్య యూరప్ నగరాన్ని, దాని చిన్న ఉద్యోగుల మర్యాదల్ని, ఉద్యోగం పోతుందేమోనన్న వాళ్ల భయాల్ని అంత ప్రేమగా చూపించడం గమనించండి.

రెండోది ‘ది మోర్ ది మెర్రియర్’ (1943). మూడోది మళ్లీ లూబిచ్‌దే, ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ (1942). నాలుగోది ప్రెస్టన్ స్టర్జెస్ ‘ది మిరకిల్ ఆఫ్ మోర్గాన్స్ క్రీక్’ (1944). ఈ నాలుగూ అయ్యాక ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’కి రండి. అప్పుడు ఆ వేగమే ఆనందంగా ఉంటుంది. వారానికి ఒకటి చాలు. ఒకేరోజు రెండు చూస్తే రెండో సినిమాలో మాటలు చెవికి ఎక్కవు.

సరైన కాపీ సంపాదించడం

‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ కాపీరైటును అమెరికాలో సమయానికి రెన్యూ చేయలేదు. అందువల్ల అది పబ్లిక్ డొమైన్‌లోకి వెళ్లింది. ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రీ’ (1936), ‘పెన్నీ సెరినేడ్’ (1941) కూడా అంతే. ‘షరాడ్’ (1963) ప్రింటు మీద కాపీరైటు ప్రకటన సరిగా వేయకపోవడంతో అదీ అదే దారి పట్టింది. ఎవరైనా అమ్ముకోవచ్చు కాబట్టి వీటికి అరిగిపోయిన 16 ఎంఎం ప్రింట్ల నుంచి తీసిన కాపీలు లెక్కలేనన్ని ఉన్నాయి. యూట్యూబ్‌లో ముందు కనిపించేవి తరచుగా ఇవే. ముఖాలు తెల్లగా మాడిపోయి, నీడలు నల్లటి ముద్దలై, సంభాషణ కింద సరసరమనే చప్పుడు వినిపిస్తే అక్కడే ఆపేయండి. ఉచితంగా దొరికే సినిమాకే మంచి కాపీ కోసం ఎక్కువ వెతకాల్సి వస్తుంది.

నిడివి చూసి కాపీని అంచనా వేయొచ్చు. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ 92 నిమిషాలు, ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ 99, ‘ది మోర్ ది మెర్రియర్’ 104, ‘రోమన్ హాలిడే’ 118, ‘సమ్ లైక్ ఇట్ హాట్’ 121. మీ దగ్గరున్న కాపీ సరిగ్గా నాలుగు శాతం తక్కువుంటే, అంటే 104 బదులు 100, 99 బదులు 95 ఉంటే, సీన్లు కోసేశారని అనుకోకండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను పాల్ (యూరప్, ఇండియాల టీవీ పద్ధతి) డీవీడీ 25 ఫ్రేములతో నడుపుతుంది. మాట కొంచెం వేగంగా, గొంతు దాదాపు అర స్వరం పైకి వినిపిస్తుంది. మామూలు సినిమాకు ఇది పెద్ద ఇబ్బంది కాదు, అసలే పరుగెత్తే మాటలున్న కామెడీకి చాలా ఇబ్బంది. బ్లూ-రే దొరికితే డీవీడీ వద్దు. నాలుగు శాతం కన్నా ఎక్కువ తగ్గితే మాత్రం అది టీవీ ప్రసారం కోసం కత్తిరించిన కాపీ అయ్యే అవకాశమే ఎక్కువ.

డిస్కు కొనేముందు రీజియన్, అంటే అది ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. అమెరికా బ్లూ-రేలు ఎక్కువగా రీజియన్ ఏ, బ్రిటన్‌వి రీజియన్ బీ, ఇండియా రీజియన్ సీ. డీవీడీల్లో అమెరికా 1, బ్రిటన్ 2, ఇండియా 5. ‘టు బీ ఆర్ నాట్ టు బీ’, ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’లకు క్రైటీరియన్ సంస్థ వేసిన బ్లూ-రేలు చాలా బాగుంటాయి. అయితే అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకున్న ఆ డిస్కు ఇక్కడ కొన్న ప్లేయర్లో తిరక్కపోవచ్చు. కొనకముందే రీజియన్-ఫ్రీ ప్లేయర్ ఉందో లేదో చూసుకోవాలి. ఓటీటీల్లో ఈ సినిమాలు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి కనిపించినప్పుడే చూసేయడం మేలు.

1980లలో నలుపు తెలుపు సినిమాలకు రంగులద్దే పని జోరుగా సాగింది. అలాంటి కాపీ తప్ప మరేదీ దొరక్కపోతే టీవీలో కలర్‌ను సున్నాకు తగ్గించండి. అసలు ప్రింటులోని వెలుగునీడలు పూర్తిగా తిరిగి రావు గానీ చూడదగ్గట్టు అవుతుంది.

టీవీ, చప్పుడు, సబ్‌టైటిల్స్

1953కి ముందు సినిమా తెర దాదాపు చదరం: ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి 55 అంగుళాల టీవీలో ఆ బొమ్మ మధ్యలో సుమారు 37 అంగుళాల వెడల్పున నిలబడి, రెండు పక్కలా నల్లగా ఉంటుంది. ఉండాల్సింది అలాగే. ‘స్ట్రెచ్’ పెడితే మనుషులు దాదాపు మూడో వంతు లావెక్కుతారు. ‘జూమ్’ పెడితే పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ పోతుంది. ఈ కామెడీల్లో ఇద్దరు ముగ్గుర్ని నడుము దాకా ఒకే ఫ్రేములో నిలబెట్టి చాలాసేపు కట్ లేకుండా నడిపిస్తారు. ఆ పావు వంతు పోయిందంటే చేతులు పోయినట్టే. చేతుల్లో టోపీ ఉంటుంది, ఉత్తరం ఉంటుంది, జోకూ అక్కడే ఉంటుంది.

తర్వాత ఎల్జీ టీవీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఉండే సెట్టింగును ఆపేయండి. లేని ఫ్రేముల్ని పుట్టించి పాత సినిమాను సీరియల్‌లా చేసేది అదే. నాయిస్ రిడక్షన్ కూడా ఆపాలి. లేకపోతే ఫిల్ముకుండే సన్నటి గింజతో పాటు ముఖాల్లోని గీతలూ చెరిగిపోతాయి. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది ఒక్కటి నొక్కితే చాలు.

చప్పుడు మోనో. సౌండ్‌బార్లో సరౌండ్, బాస్ బూస్ట్ తీసేసి మామూలు మోడ్‌లో పెట్టండి. అప్పటి ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లో 8,000 హెర్ట్జ్ దాటి వినదగ్గది దాదాపు ఉండదు. ట్రెబుల్ పెంచితే మాట తేటపడదు, సరసర మాత్రం పెరుగుతుంది.

తెలుగు సబ్‌టైటిల్స్ ఈ సినిమాలకు అరుదు. ఇంగ్లీషువి పెట్టుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా స్టర్జెస్ సినిమాలో గుంపంతా ఒకేసారి అరుస్తుంటే సబ్‌టైటిల్స్ కావాలి. అయితే జోకును నటుడు పలకకముందే చదివేసే ప్రమాదం ఉంది. అందుకే మొదటి పది నిమిషాలు సబ్‌టైటిల్స్‌తో చూసి, వెనక్కి వెళ్లి అవే పది నిమిషాలు అవి లేకుండా చూడండి. రెండోసారికి గొంతులు గుర్తుపడతారు, ఎవరు ఎంత వేగంగా మాట్లాడతారో తెలుస్తుంది. ఆపైన సబ్‌టైటిల్స్ ఉన్నా చూపు ముఖాల మీదే నిలుస్తుంది.

తేదీలు పక్కన పెట్టుకోండి

ఒక కాగితం మీద ఇవి రాసుకుంటే చాలు. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది, అమెరికా యుద్ధంలోకి దిగింది. 1942 జూన్‌లో ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ ఏర్పడింది, ప్రతి సినిమా యుద్ధం గెలవడానికి ఎలా పనికొస్తుందని స్టూడియోలను అడగడం మొదలుపెట్టింది. 1944 జూన్ 6న మిత్రసేనలు నార్మండీలో దిగాయి. చూడబోయే సినిమా విడుదల నెలను వీటి మధ్య పెట్టుకోండి.

ఉదాహరణకు ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ 1940 జనవరిది. అందులో ఎడిటర్ తన స్కూపు కోసం మొదటి పేజీ మొత్తం ఖాళీ చేయిస్తూ హిట్లర్‌ను తీసుకెళ్లి జోకుల పేజీలో పడేయమంటాడు. అమెరికాకు యుద్ధం ఇంకా దూరపు వార్తగానే ఉన్న రోజుల్లో పేలిన జోకు అది. రెండేళ్ల తర్వాతైతే ఆ మాట అంత తేలిగ్గా నోటికొచ్చేది కాదు. చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’ 1940 అక్టోబరులో వచ్చింది. నాజీ క్యాంపుల్లో నిజంగా ఏం జరిగిందో ముందే తెలిసుంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ని కానని చాప్లిన్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు.

తెరమీద ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే వస్తువులు కొన్ని ఉంటాయి. కారు అద్దం మీద ‘ఏ’ అక్షరం స్టిక్కరుంటే ఆ ఇంటికి పెట్రోలు అతి తక్కువ రేషన్. దేశమంతా పెట్రోలు రేషన్ 1942 డిసెంబరులో మొదలైంది. కిటికీకి నీలం నక్షత్రం వేలాడుతుంటే ఆ ఇంట్లోవాళ్లు సైన్యంలో ఉన్నారని, బంగారు రంగు నక్షత్రమైతే చనిపోయారని అర్థం. ఎవరినైనా ‘ఫోర్-ఎఫ్’ అంటే సైన్యానికి పనికిరాడని తేల్చారన్నమాట. స్టర్జెస్ రెండు సినిమాలు ఈ ఒక్క అవమానం మీదే నిలబడ్డాయి: ‘మోర్గాన్స్ క్రీక్’లో కుర్రాడికి కంగారు పడితే కళ్లముందు మచ్చలు కనిపిస్తాయి, ‘హెయిల్ ది కాంకరింగ్ హీరో’ (1944)లో కుర్రాణ్ని హే ఫీవర్ ఉందని మెరీన్స్ నుంచి ఇంటికి పంపేస్తారు. సినిమా చివర వార్ బాండ్లు (యుద్ధఖర్చుకు ప్రభుత్వం జనం దగ్గర తీసుకున్న అప్పు పత్రాలు) కొనమనే అట్ట కనిపిస్తే దాటేయకండి. 18.75 డాలర్లకు కొన్న బాండు పదేళ్లకు 25 డాలర్లయ్యేది, దాన్ని హాల్లోనే అమ్మేవాళ్లు. సెట్లు చిన్నగా, చూసినవే మళ్లీ చూస్తున్నట్టుగా అనిపిస్తే దానికీ కారణముంది. 1942 నుంచి ఒక్కో సినిమా సెట్లకు కొత్త సామాను ఖర్చు 5,000 డాలర్లు దాటకూడదని ప్రభుత్వం హద్దు పెట్టింది.

‘టు బీ ఆర్ నాట్ టు బీ’ని ఎలా చూడాలి

ఈ సినిమాకు కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. 1941 నవంబరు, డిసెంబరుల్లో తీశారు, అంటే పెర్ల్ హార్బర్ దాడి షూటింగ్ మధ్యలోనే జరిగింది. 1942 జనవరి 16న హీరోయిన్ కరోల్ లొంబార్డ్ వార్ బాండ్ల ప్రచారం ముగించుకుని తిరిగొస్తూ విమాన ప్రమాదంలో చనిపోయింది. విమానంలో ఏమవుతుందిలే అని సినిమాలో ఆమె అనే మాటొకటి ఉండేది, విడుదలకు ముందు తీసేశారు. మార్చిలో అమెరికా హాళ్లలో ఆడింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పటికి తెలుగు సినిమాలు తయారవుతున్న మద్రాసు నుంచి కూడా జనం ఊళ్లకు తరలిపోయారు. అమెరికన్ ప్రేక్షకుడు ఏ భయంతో హాల్లో కూర్చున్నాడో ఊహించడానికి మనకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

మొదటిసారి చూసేటప్పుడు కథ వెంట వెళ్లండి చాలు. పోలండ్ రాజధాని వార్సాలో ఒక నాటక బృందం, నటుల భార్యాభర్తల గొడవ, నాజీ యూనిఫాంల మారువేషాలు. రెండోసారి మూడు విషయాలు పట్టుకోండి.

ఒకటి, మొదటి కొద్ది నిమిషాలు. వార్సా వీధిలో హిట్లర్ ఒక్కడే నిలబడి దుకాణం అద్దంలోకి చూస్తుంటాడు, చుట్టూ జనం మూగుతారు. తర్వాత గెస్టపో (నాజీల రహస్య పోలీసు) ఆఫీసు. కాసేపటికి గానీ అది నాటకం రిహార్సలని, ఆ హిట్లర్ తన వేషం ఎంత బాగా కుదిరిందో పరీక్షించుకోవడానికి వీధిలోకొచ్చిన చిన్న నటుడని మనకు తెలియదు. ఒక చిన్న పాప వచ్చి అతణ్ని సొంత పేరుతో పిలిచి ఆటోగ్రాఫ్ అడుగుతుంది. యూనిఫాం వేసుకున్నవాళ్లంతా నటులేనన్న ఊహ అక్కడ నాటుకుంటుంది, సినిమా అంతా దాని మీదే నడుస్తుంది.

రెండు, తిరిగొచ్చే మాటలు. హీరో జాక్ బెన్నీ గెస్టపో అధికారి కర్నల్ ఎర్‌హార్ట్ వేషం వేసినప్పుడు చెప్పడానికేమీ తోచక తనను ‘కాన్సంట్రేషన్ క్యాంప్ ఎర్‌హార్ట్’ అంటున్నారా అని మళ్లీ మళ్లీ మురుస్తాడు. అది అతి నటనలా అనిపిస్తుంది. తర్వాత అసలు ఎర్‌హార్ట్ వచ్చి అచ్చం అదే మాటకు అలాగే మురుస్తాడు. అప్పుడొచ్చే నవ్వు గొంతులో ఆగుతుంది. మొదటి సన్నివేశం దగ్గర ఫోను చూసుకున్నవాళ్లకు రెండోది అందదు.

మూడు, షేక్స్‌పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని యూదు వడ్డీవ్యాపారి షైలాక్ మాటలు. ఫెలిక్స్ బ్రెసార్ట్ వేసిన చిన్న నటుడికి జీవితంలో ఒక్కసారైనా షైలాక్ వేషం కట్టాలని కోరిక. ఆ పలుకులు మూడు చోట్ల వస్తాయి: మొదట తెరవెనుక సరదాగా, తర్వాత బాంబులకు కూలిన వీధిలో, చివరికి నాజీల ఎదుట. అవే మాటలు మూడుసార్లూ మూడు బరువులతో వినిపిస్తాయి. ఆయన యూదుడని సినిమాలో ఎవరూ పైకి అనరు. లూబిచ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. విడుదలైనప్పుడు చాలామంది విమర్శకులు దీన్ని చవకబారు హాస్యమని తిట్టారు. మాకైతే నాజీల మీద హాలీవుడ్ తీసినవాటిలో ఇంత తెగువ ఉన్న కామెడీ ఇంకోటి లేదనిపిస్తుంది.

గోడకు అటూ ఇటూ

1934 జులై నుంచి ప్రొడక్షన్ కోడ్ అనే సెన్సారు గట్టిగా అమలైంది, 1968 దాకా ఏదో రూపంలో నడిచింది. పెళ్లయిన జంట గదిలో కూడా రెండు మంచాలు వేరువేరుగా ఉండటం మీరు గమనించే ఉంటారు. మన పాత సినిమాల్లో రెండు పువ్వులు ఒకదానికొకటి తాకినట్టే, అక్కడివాళ్లూ దారులు వెతికారు. వాళ్ల దారుల్లో అన్నిటికన్నా ముచ్చటైంది మధ్యలో అడ్డం పెట్టడం.

కోడ్ గట్టిపడటానికి కొద్ది నెలల ముందే వచ్చిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ (1934)లో పెళ్లికాని ఇద్దరూ ఒకే గదిలో రాత్రి గడపాల్సొస్తే మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. (రాజ్‌కపూర్, నర్గీస్‌ల ‘చోరీ చోరీ’, 1956, ఈ కథే.) ‘ది మోర్ ది మెర్రియర్’లో ఆ దుప్పటి గోడవుతుంది. యుద్ధకాలపు వాషింగ్టన్‌లో ఇళ్లు దొరకవు. జీన్ ఆర్థర్ తన ఫ్లాటులో సగం ఒక పెద్దాయనకు అద్దెకిస్తుంది, ఆయన తన సగంలో సగాన్ని జోయెల్ మెక్‌క్రేకు ఇస్తాడు. పొద్దున ఎవరు ఏ నిమిషానికి బాత్రూంలో ఉండాలో ఆమె వేసిన టైంటేబుల్ సన్నివేశం రెండుసార్లు చూడదగ్గది. తర్వాత మెట్ల సన్నివేశం. రాత్రి ఇద్దరూ గుమ్మం మెట్ల మీద కూర్చుంటారు. అతని చేతులు ఆమె మెడకూ భుజానికీ దగ్గరవుతుంటే ఆమె తడబడుతూ తనకు కాబోయే భర్త గురించి చెబుతూనే ఉంటుంది. మాట ఒక దారి, ఒళ్లు ఒక దారి. సబ్‌టైటిల్స్ ఆపేసి చూడాల్సిన సన్నివేశం ఇది. ఆపైన ఇద్దరూ వేరువేరు గదుల్లో, పలచటి గోడకు చెరోపక్క మంచాల మీద పడుకుంటారు. కెమెరా కిటికీల బయటి నుంచి ఇద్దర్నీ ఒకే ఫ్రేములో చూపిస్తుంది. సెన్సారుకు గోడ కనిపిస్తుంది, ప్రేక్షకుడికి ఒకే మంచం మీద ఇద్దరు కనిపిస్తారు. అతను త్వరలో ఆఫ్రికాకు వెళ్లాలి. 1943లో హాల్లో ఉన్న ఎన్నో జంటలకు ఆ తొందర సొంత అనుభవం.

‘మోర్గాన్స్ క్రీక్’ ఇంకా ముందుకెళ్లింది. సైనికుల వీడ్కోలు పార్టీకి వెళ్లిన అమ్మాయి మర్నాటికి ఎవరినో పెళ్లాడానని మాత్రమే గుర్తున్న స్థితిలో తేలుతుంది. ఆ మనిషి ముఖం గుర్తులేదు, పేరు సరిగా గుర్తులేదు. పెళ్లయిందన్న ఆ ఒక్క మాట లేకపోతే కోడ్ ఆ కథను బతకనిచ్చేది కాదు.

ఇవాళ మింగుడుపడనివి

వీటిని దాచకుండా ముందే చెప్పి చూపించాలి, ముఖ్యంగా పిల్లలతో చూసేటప్పుడు. బిల్లీ వైల్డర్ ‘ది మేజర్ అండ్ ది మైనర్’ (1942)లో జింజర్ రోజర్స్ రైలు టికెట్టు సగానికే దొరుకుతుందని పన్నెండేళ్ల పిల్లగా నటిస్తుంది, ఒక సైనికాధికారి ఆమెకు దగ్గరవుతాడు. అప్పుడు మారువేషం జోకుగా చెల్లింది, ఇప్పుడు చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. నల్లజాతివాళ్లు చాలా సినిమాల్లో పనిమనుషులుగానో రైలు పోర్టర్లుగానో ఉంటారు, పైగా జోకు వాళ్ల మీదే. యుద్ధకాలంలో జపనీయులను చూపిన తీరు ఇంకా ఘోరం, ఆ అలవాటు 1961 నాటి ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’లో మికీ రూనీ వేషం దాకా సాగింది. ‘సబ్రినా’ (1954)లో హంఫ్రీ బోగార్ట్‌కూ ఆడ్రీ హెప్‌బర్న్‌కూ దాదాపు ముప్పై ఏళ్ల తేడా. ఇలాంటి సన్నివేశాల్ని ముందుకు జరపకండి. ఆపి రెండు మాటలు మాట్లాడుకుని మళ్లీ నడపండి. ఇవన్నీ ఉన్నా చూడదగ్గవేవో, ఇవే ప్రధానమైపోయి చూడనక్కర్లేనివేవో ఎవరికివారే తేల్చుకోవచ్చు. మా మటుకు మేం ‘ది మేజర్ అండ్ ది మైనర్’ను కొత్తవాళ్లకు చెప్పం.

యుద్ధం తర్వాత

వైల్డర్ ‘ఎ ఫారిన్ అఫైర్’ (1948)లో కనిపించే బెర్లిన్ శిథిలాల్లో చాలావరకు నిజమైనవే. దాని వెంటనే హాక్స్ ‘ఐ వజ్ ఎ మేల్ వార్ బ్రైడ్’ (1949) చూడండి. సైనికుల భార్యల కోసం చేసిన చట్టం కింద క్యారీ గ్రాంట్ ‘వార్ బ్రైడ్’గా అమెరికా చేరడానికి పడే పాట్లు అవి. ‘రోమన్ హాలిడే’ (1953) ఎప్పుడు చూసినా హాయిగానే ఉంటుంది. దాని కథ రాసిన డాల్టన్ ట్రంబో కమ్యూనిస్టన్న పేరుతో హాలీవుడ్ వెలివేసిన రచయిత కాబట్టి, ఆయనకు రచయితగా పూర్తి గుర్తింపు దక్కడానికి 2011 దాకా పట్టింది.

1953 తర్వాత తెర వెడల్పు మారింది, కాబట్టి కాపీ ఎంచుకునే లెక్కా మారుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. అమెరికాలో 1953 నుంచే స్కోప్ ఉంది. ‘పిల్లో టాక్’ (1959)లో డోరిస్ డే, రాక్ హడ్సన్ ఒకే టెలిఫోన్ లైను పంచుకునే ఇరుగుపొరుగు. అప్పట్లో రెండు ఇళ్లకు ఒకే లైను ఇచ్చేవాళ్లు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఫోనెత్తి వినొచ్చు. తెరను నిలువునా చీల్చి చెరో సగంలో ఇద్దర్నీ చూపిస్తారు. ఒక చోట ఇద్దరూ ఎవరి స్నానాల తొట్టిలో వాళ్లుండి ఫోన్లో మాట్లాడుకుంటారు, గీతకు అటూ ఇటూ వాళ్ల పాదాలు ఆనుకుంటాయి. 1934 నాటి దుప్పటి, 1943 నాటి గోడ ఇక్కడ తెర మీది గీతగా మారాయి. పాత చదరపు టీవీల కోసం కోసిన కాపీలో ఈ బొమ్మ వెడల్పులో 43 శాతం పోతుంది, ఆ సన్నివేశమే మిగలదు. అందువల్ల ‘పిల్లో టాక్’ కొనేముందు, అద్దెకు తీసుకునేముందు 2.35 నిష్పత్తి అని రాసుందో లేదో చూడండి. రాయకపోతే ట్రైలరు తెరిచి చూడండి, పైనా కిందా నల్లపట్టీలు ఉండాలి.